కాళ్లెక్కువ పిట్ట

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, నా ఈడు వాళ్లంతా. మోకాళ్లు నొప్పిగా ఉన్నవాళ్లు గోడకు ఆనుకోండి, తొందరేమీ లేదు. మొన్న వాన పడుతున్న పొద్దున మా వంటింటి వెనక ప్రహరీ మీద పిల్లి ఒకటి సన్నగా మూలిగింది. రొట్టెల పిండి కలుపుతున్న నేను, ఆ పిండి చేతిని అలాగే పొట్టకు అడ్డం పెట్టుకుని నిలబడిపోయాను. చీరకంతా పిండి అయిందని మనవరాలు నవ్వింది. ఈ వయసులో నా పొట్టలో కాచుకోవలసింది ఏముంది చెప్పండి? కానీ ఒకసారి ఒంట్లోకి దిగిన భయం మనిషికి చెప్పి పోదు, చెప్పి రాదు.

నేను కొత్త కోడలిగా సూరత్‌కు వచ్చినప్పుడు డిండోలిలో మేముండే గదుల వరస వెనక ఒక చెరువు ఉండేది. ఆ వరసంతా మగ్గాల పని మీద మావైపు నుంచి వచ్చినవాళ్లమే కాబట్టి ముందు వాకిట్లో నిలబడితే సొంత ఊళ్లో ఉన్నట్టుండేది గానీ, వెనక తలుపు తీస్తే మాత్రం గుండె జారేది. నీళ్లు కనపడేవి కావు. ఒకవైపు తామరాకులు, ఒకవైపు నీళ్లలో కాసే సింగాడా కాయల తీగలు, మిగిలిన చోటంతా గుర్రపుడెక్క కమ్ముకుని పచ్చటి నేలలాగే ఉండేది, గాలి వీచినప్పుడు మాత్రం ఆ నేల మొత్తం ఊపిరి తీసినట్టు కదిలేది.

తొలి వానలు పడ్డాక అందులోంచి ఒక కూత మొదలైంది. పిల్లి కూసినట్టు అందామా, పాలకు ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన చంటిబిడ్డ మూలిగినట్టు అందామా, మిట్టమధ్యాహ్నం, మగవాళ్లంతా పనిలో ఉన్న వేళ వచ్చేది. నాకప్పుడు ఆరో నెల. ఒకరోజు అంట్ల గిన్నెలతో వెనక్కి వెళ్లి చూద్దును కదా, తెల్లటి రెక్కలు, చాక్లెట్ రంగు పొట్ట, మెడ వెనక బంగారం పూసినట్టు పసుపు, కొడవలిలా వంగిన పొడుగాటి తోక, అంత అందమైన పిట్ట ఒకటి మునగకుండా నీళ్ల మీద నడుస్తోంది. దాని వేళ్లు చీపురు పుల్లలంత పొడుగు, అవి ఆకంతా పరుచుకుంటున్నాయి. అప్పుడు చూశాను. దాని కాళ్లు రెండు కాకుండా, రెక్కల కింద నుంచి ఇంకా కాళ్లు వేలాడుతున్నాయి. సన్నగా, అటు రెండు, ఇటు రెండు, అవి ఆకుకు ఆనడం లేదు, ఊరికే ఊగుతున్నాయి.

గిన్నెలు అక్కడే పారేసి లోపలికి వచ్చి పడ్డాను. మా అత్త వెంటనే ఇంటి యజమానురాలి దగ్గరికి పోయింది. ఆ గుజరాతీ ముసలమ్మను అందరం బా అని పిలిచేవాళ్లం. బియ్యం ఏరుకుంటున్న బా తల కూడా ఎత్తకుండా, “ఏ తో జల్‌మాంజర్ ఛే” అని నవ్విందట. మా అత్త చెవిలో పడ్డది ఆ మాట కాదు. మా వైపు జన్మను జల్మ అంటాం, దిష్టిని నజర్ అంటాం. ఇంకేముంది, తిరిగి వచ్చేసరికి అత్త ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“విన్నవా? జల్మ నజరంట! పుట్టేటోళ్ల మీద పడే నజర్. కడుపుతోని ఉండి దాన్నెందుకు చూసినవే?”

“నేను చూడలే అత్తా, అదే కనబడ్డది.”

“కనబడితే కండ్లు మూసుకోవాలె గద!”

సాయంత్రం మా ఇంటాయన వచ్చి, “ఏందే అవ్వా, పిట్టకు గన్ని కాళ్లేంది? కార్ఖానాల ఎక్స్‌ట్రా ఫిట్టింగ్ చేయించుకున్నదా?” అని నవ్వాడు. “నవ్వు, నవ్వు. రేపు నీ బిడ్డ గట్లనే పుడితే గప్పుడు నవ్వు” అంది అత్త. ఆయన మళ్లీ నవ్వలేదు. ఆయన నవ్వు ఆగిపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

వెనక కిటికీకి పాత చీర కట్టారు. చూపును ఆపింది గానీ కూతను ఆ చీర ఏం ఆపుతుంది? లోపల బిడ్డ తన్నినప్పుడల్లా నాకు చెమటలు పట్టేవి. ఇటు ఒక తన్ను, వెంటనే అటు ఒకటి, ఆ వెనకే పక్కటెముకల కింద ఇంకొకటి. ఇవి రెండు కాళ్లేనా అని పొట్ట మీద చేతులు ఉంచి లెక్కపెట్టుకునేదాన్ని, లెక్క ఎప్పుడూ తప్పేది. సర్కారు దవాఖానలో నర్సును అడుగుదామంటే, వచ్చీరాని హిందీలో ఏమని అడగను? మిగతా ఆడవాళ్లు బిడ్డ కదిలితే మురిసిపోతారు. నేను కదలకుండా ఉండమని మొక్కుకునేదాన్ని, కదలకుండా ఉంటే మళ్లీ అదొక భయం.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం అత్త ఉప్పు, మిరపకాయలు మూటగట్టి, కొంగులో రాళ్లు వేసుకుని, దాని సంగతేందో చూస్తానని చెరువు వైపు బయలుదేరింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. కూత వినపడుతున్న వైపు విసవిసా నడిచి, నేల అనుకుని గుర్రపుడెక్క మీద కాలు పెట్టింది. అంతే, నడుం దాకా దిగిపోయింది. నేను కేకలు వేశాను గానీ మగ్గాల చప్పుడులో నా గొంతు ఎవరికి వినపడుతుంది? చేయి అందిద్దామని ముందుకు పోతుంటే, బురదలో కూరుకుపోతూ కూడా ఆ మనిషి ఏమని అరిచిందో తెలుసా? “రాకు! నువ్వు రాకే పిల్లా, అది నిన్ను చూస్తది!”

సింగాడా కోసుకునే అతను దూరం నుంచి చూసి, “హిలో మత్, మాసీ! హిలో మత్!” అని, కదలొద్దని అరుస్తూ తన సన్నటి పడవను కర్రతో తోసుకుంటూ వస్తున్నాడు. అంతలో ఆ పిట్ట మా అత్త ముఖానికి బారెడు దూరంలో ఆకు మీదికి వచ్చింది. రెక్క విరిగినట్టు ఈడ్చింది, మూలిగింది, ఆమె కదలకపోయేసరికి కాళ్లు మడిచి కూర్చుని రెక్కలు కొద్దిగా తెరిచింది. ఆకుల సందుల నుంచి దూదిపింజల్లాంటి పిల్లలు పరుగెత్తుకొచ్చి ఆ రెక్కల కింద దూరాయి. వాటిని చంకల్లో నొక్కుకుని అది లేచి నిలబడింది. పిల్లలు కనపడడం లేదు, వాటి కాళ్లు మాత్రం కిందికి వేలాడుతున్నాయి.

“పిల్లలే! ఓ పిల్లా, పిల్లల కాళ్లే!” మా అత్త గొంతు చెరువంతా వినపడింది. అవతలి ఆకు చేరాక పిట్ట రెక్కలెత్తింది, పిల్లలు జలజలా రాలాయి. నేను అక్కడే బురదలో కూర్చుండిపోయాను.

అత్తను పైకి లాగి పడవలో వేసుకుని వస్తూ అతను చెప్పాడు, అది తల్లి కాదు, బాప్ అట. ఆడది గుడ్లు పెట్టి ఇంకో మగదాని దగ్గరికి వెళ్లిపోతుందట, ఈ తండ్రే పొదిగి, వానకు నీళ్లు పెరిగితే గుడ్లను ముక్కుతో, రొమ్ముతో నెట్టుకుంటూ పై ఆకు మీదికి చేరుస్తాడట. జల్ అంటే నీళ్లు, మాంజర్ అంటే పిల్లి. కూతను బట్టి పెట్టిన పేరు, ఇంకేమీ లేదు. బురద కారుతున్న మా అత్త అంతా విని, సాయంత్రం కొడుకుతో, “ఆ పిట్టల బాపు పిల్లలను సంకల పెట్టుకొని తిరుగుతున్నడు. నువ్వు పుట్టిన్నాడు మీ బాపు కల్లు కాంపౌండ్ల కూసున్నడు” అంది.

సంగతి తెలిసింది కదా, భయం పోయిందా అంటే పోలేదు. కాన్పు గదిలో బిడ్డ ఏడుపు వినగానే మా అత్త ఆడా మగా అని చూడకుండా ముందు గుడ్డ పైకెత్తింది. “రెండే! రెండే కాళ్లు, ఏడ్వకే!” అంది, తనే ఏడుస్తూ. ఆడపిల్ల అని చెప్పడం చాలాసేపటికి గానీ ఆమెకు గుర్తురాలేదు.

ఇప్పుడు ఆ చెరువు చుట్టూ రాతి కట్ట, దీపాలు, నడిచే దారి. ఆకులన్నీ చెత్త అని లాగి పారేశారు. నీళ్లు అద్దంలా ఉన్నాయి, పిల్లలు తొక్కుడు పడవల్లో తిరుగుతున్నారు. నేనూ అక్కడే నడుస్తాను, బాగుందనే అంటాను. సింగాడా అతని కొడుకులు పల్సానాలో మిల్లు పనికి పోతున్నారు. కానీ పెద్ద వాన కురిసి నీళ్లు కట్ట అంచుకు లేచిన రోజున, ఎక్కడో ఒక తండ్రి గుడ్లను నెట్టుకుంటూ కాలు మోపడానికి ఆకు వెతుక్కుంటున్నాడేమో అనిపిస్తుంది, అన్నం సహించదు. మనవలకు చెబితే, వేరే చెరువుకు పోయి ఉంటుందిలే అమ్మమ్మా అంటారు. కిమ్ వైపు చూశాను, ఉధ్నా వైపు చూశాను, ఆకులున్న చెరువు నాకైతే కనపడలేదు.

ఇంతసేపు కూర్చున్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో నీళ్లోసుకున్న ఆడబిడ్డ ఉంటే ఏ మాటకూ బెదరకుండా, నిండుగా కని, నవ్వుతూ లేవాలి. ఆ బిడ్డను ఎత్తుకోవడానికి మీ ఇంట చేతులకు ఎన్నడూ కొదవ రాకూడదు.