ఆండాలమ్మ మేడమీది ఎరువు డ్రమ్ము

కార్వాన్ బస్తీలో ముప్పై ఏళ్లు ఇంటి గేదెల పాలతో కోవా కాచిన చేయి ఆండాలుది. పాకం చూసినట్టు కోవాను రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, ఎప్పుడు దించాలో చెప్పేసేది. గేదెలను అమ్మేశాక ఆ చేతులు ఊరుకోలేదు. మేడ మీద ఒక నీలం డ్రమ్ము పెట్టి, అడుగున బెజ్జాలు పొడిపించి, వంటింటి చెత్తతో పూలకుండీలకు ఎరువు చేయబోయింది.

నెల తిరిగేసరికి డ్రమ్ములోంచి మురుగు కంపు మొదలైంది. కింది వాటాలో ఉండే విమలాదేవి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పైకొచ్చి మరీ చెప్పి వెళ్లింది.

"ఏందే ఈ లొల్లి? పారేద్దాం పా," అన్నాడు భర్త రామ్‌చందర్.

"ఏం ఖరాబైందో చూడకుంటనే పారేస్తవా?" అంటూ ఆండాలు ప్లాస్టిక్ పట్టా పరిచి, పట్టపగలే డ్రమ్మును బోర్లించింది.

మోచేతుల దాకా ముంచి వెతికింది. పైన మక్కపొత్తుల పొట్టు, కొత్తిమీర కాడలు చాపలా అతుక్కుపోయి ఉన్నాయి. దాని కింద మిగిలిన అన్నం జిగురు జిగురుగా తగిలింది. అడుగున జానెడు నల్లనీళ్లు. బెజ్జాలన్నీ మూసుకుపోయాయి.

"దొరికింది! గాలి ఆడక కుళ్లిపోయింది, గంతే!" అని అరిచింది. అప్పటికప్పుడు తమ్ముడు గోవర్ధన్‌కు ఫోన్ కొట్టింది. అతను పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో పనిచేస్తాడు.

"తమ్మీ, మీ దుకాణంల ఖాళీ అట్టపెట్టెలున్నయా?"

"మస్తున్నయ్. ఇల్లు మారుతున్నరా అక్కా?"

"లే. నా డ్రమ్ముకు తడి ఎక్కువైంది. ఎండినవి కలపాలె."

సాయంత్రానికి గోవర్ధన్ స్కూటర్ మీద ఇంత కట్ట తెచ్చిపడేశాడు. ఆండాలు బెజ్జాలను ఇనుప చువ్వతో పొడిచి, అడుగున ఇటుక ముక్కలు, ఎండుపుల్లలు పరిచింది. పొట్టును కత్తెరతో సన్నగా కత్తిరించింది. అట్టల మీది టేపు పీకేసి, చించి చించి చెత్తలో కలిపి మళ్లీ డ్రమ్ము నింపింది. అన్నం వేయడం మానేసింది. నాలుగు రోజుల్లో కంపు పోయింది.

కానీ ఉత్సాహంలో అట్టలు మరీ ఎక్కువ వేసింది. పది రోజులైనా సరుకులో మార్పే లేదు. గుప్పిట పడితే రంపపు పొట్టులా జారిపోతోంది. ఈసారి ఆమె కంగారుపడలేదు. కలియబెడుతూ కొంచెం కొంచెంగా నీళ్లు చిలకరించింది. ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి పిసికింది. చివరికి నీళ్లు కారకుండా ముద్దయింది, బొటనవేలితో తాకగానే విడిపోయింది. అక్కడికి చాలించి మూత పెట్టింది.

మూడోనాడు పొద్దున్నే డ్రమ్ములో చేయి పెట్టి ఎగిరి గంతేసినంత పని చేసింది.

"ఇగో, జల్ది రాయ్యా!"

రామ్‌చందర్ గడ్డం మీద సబ్బు నురగతోనే మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందే? తేలు కుట్టిందా?"

"చెయ్యి పెట్టు."

పెట్టాడు. కళ్లు పెద్దవి చేశాడు. "వేడిగుంది! కింద మంట పెట్టినవా ఏంది?"

"మంట లేదు, ఏం లేదు. లోపల ఎరువయ్యే పని నడుస్తున్నది!" ఆండాలు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఆపై రెండు నెలలు వారానికోసారి తిరగేసింది. నల్లబడ్డ ఎరువును ఇసుక జల్లెడలో జల్లించి, మిగిలిన గడ్డలను చిదిపి మళ్లీ డ్రమ్ములోనే వేసింది. విమలాదేవి ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండానే వాసన చూసింది. "వాన పడ్డ మన్ను లెక్కనే ఉన్నదే!" అని తన తులసికుండీకి రెండు దోసిళ్లు పట్టుకెళ్లింది.

ఆ వార్త చుట్టాల దాకా పాకింది. నిన్న బహదూర్‌పురా నుంచి మరిది వరసయ్యే కృష్ణయ్య ఫోన్ చేశాడు. "వదినా, మా డబ్బాల చెత్తంత ముద్దలు ముద్దలైంది. ఏం చెయ్యాలె?"

ఆండాలు అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "పిసికితే నీళ్లు కారుతున్నయా, పొడి రాలుతున్నదా? ... ఆగు, ఆగు, చెప్పకు! ఆటో ఎక్కుతున్న. నేనే చెయ్యి పెట్టి చూస్త!"