ఎర్రమ్మ పెట్టిన పథ్యం

కంచిలి దగ్గర కొబ్బరితోటల మధ్య ఉన్న ఆ ఊళ్ళో ఎర్రమ్మ మాటంటే మాటే. నలభై ఏళ్ళు మంత్రసానితనం చేసిన మనిషి. ఇప్పుడు కాన్పులన్నీ పలాస ఆసుపత్రిలోనే అవుతున్నాయనుకోండి. అయినా బాలింత ఆటో దిగి గడప తొక్కిందంటే పథ్యం చెప్పాల్సింది మాత్రం ఎర్రమ్మే. అరవై ఎనిమిదేళ్ళ పిడికెడంత మనిషి వేలెత్తిందంటే, ఎంతటి గయ్యాళి అత్తయినా నోరు మూసుకోవాల్సిందే.

ఆ పథ్యం ఏమిటంటారా? ఇరవై ఒక్క రోజులు పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, రెండు ఎండు నెత్తళ్ళ చేపలు. అంతే. ఆకుకూర వాతం, గుమ్మడికాయ చలవ, పండు ముట్టుకుంటే బిడ్డకి రొంప. మంచినీళ్ళు కూడా గొంతు తడుపుకోవడానికి రెండు గుక్కలే. ఆ ఉద్దానం నేలలో కాయని కాయ, పండని పండు ఉందా చెప్పండి! పెరట్లో మునగ, నూతి దగ్గర బొప్పాయి, దొడ్డినిండా తోటకూర, లారీలకెత్తి ఊళ్ళు దాటించే పనసకాయలు. వాటన్నిటి మధ్యా గదిలో కూర్చుని బాలింత కారం మెతుకులు మింగుతూ ఉంటుంది. ఇదేం తెలివని అడిగేవాళ్ళు లేరు. అడిగినా ఎర్రమ్మ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

అలాగని ఆమెది కఠిన హృదయం అనుకునేరు. తుఫానుకి చెట్లన్నీ కూలి దారి మూసుకుపోయిన రోజున, పడిపోయిన కొబ్బరి మానుల మీదుగా పాక్కుంటూ వెళ్ళి కాన్పు చేసొచ్చిన మనిషి. మోకాళ్ళు రెండూ చీరుకుపోతే పసుపు అద్దుకుని మర్నాడు బిడ్డకి స్నానం చేయించడానికి మళ్ళీ వెళ్ళింది. పథ్యం తన తల్లి చెప్పింది, ఆ తల్లికి వాళ్ళమ్మ చెప్పింది. అందులో తప్పుంటుందని ఎర్రమ్మ కలలో కూడా అనుకోలేదు.

ఈ ఎండాకాలం ఆమె సొంత కోడలు లావణ్యకి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు నర్సు ఆకుకూరలు, పళ్ళు బాగా పెట్టమని మరీ మరీ చెప్పింది. వాళ్ళు అలాగే అంటారులే అని ఎర్రమ్మ ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది. మాత్రలు వాళ్ళవి, తిండి తనది.

తొమ్మిదో రోజు పొద్దున్న బిడ్డనెత్తుకుని గది బయటికి వస్తున్న లావణ్యకి కళ్ళు చీకట్లు కమ్మాయి. ద్వారబంధం పట్టుకోబోయి పట్టు దొరక్క కూలిపోయింది. పడుతూ పడుతూ కూడా ఒళ్ళు మెలితిప్పి వెల్లకిలా పడింది. పసిదానికి చిన్న దెబ్బ కూడా తగల్లేదు గానీ తల్లి తల వెనక చిట్లింది. ఎర్రమ్మ కొడుకు త్రినాథ్ ఆటో తోలతాడు కాబట్టి సరిపోయింది, గంట తిరక్కుండా పలాస చేర్చాడు.

రక్తం ఏడుకి పడిపోయిందన్నారు. ఎక్కించాలన్నారు. డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి, ఇంట్లో ఏం తింటున్నావమ్మా అని లావణ్యని అడిగింది. ఎర్రమ్మ అక్కడే ఉంది. కోడలు తన మీద చెబుతుందనుకుని, చెబితే ఏమనాలో ఆ మాటలు నాలిక చివరే పెట్టుకుని ఉంది. లావణ్య అత్త మొహంలోకి ఒకసారి చూసింది.

“మా అత్త అన్నీ ఎడతాది మేడం. నాకే సయించనేదు” అంది.

ఎర్రమ్మకి తల కొట్టేసినట్టయింది. తిట్టుంటే తట్టుకునేది. ఒంట్లో రక్తం లేని పిల్ల, తలకి కట్టుతో పడుకుని, తన పరువు కాపాడుతోంది. ఆ పరువు తనకెందుకు? నిప్పుల్లో పొయ్యనా?

“అబద్దమమ్మా. నానే ఎట్టనేదు. నీల్లు కూడా నానే తాగనియ్యనేదు” అంది డాక్టరమ్మతో.

డాక్టరమ్మ కోప్పడలేదు. కూర్చోబెట్టి చెప్పింది. కాన్పులో పోయిన రక్తం మళ్ళీ పట్టాలంటే మాత్రలతో పాటు పప్పూ చేపా గుడ్డూ ఆకుకూరా కాయగూరా పండూ అన్నీ పడాలనీ, పాలు పడాలంటే దాహమేసినప్పుడల్లా నీళ్ళు తాగాలనీ, తల్లి పండు తింటే బిడ్డకి రొంప రాదనీ. ఎర్రమ్మ ఊరికే తలూపే మనిషా? ఒక్కోదాన్నీ పేరుపెట్టి అడిగింది. తోటకూరో? మునగాకో? జాంపండో? గుమ్మడికాయో? ఏడో పేరుకి డాక్టరమ్మ నవ్వేసింది.

మూడో రోజుకి లావణ్యని ఇంటికి తెచ్చారు. ఎర్రమ్మ తెల్లారకముందే లేచి తోటకూర పప్పు వండింది, మునగాకు వేయించింది, అరటికాయ కూర చేసింది. కోడలు కంచం వేలితో తుడుచుకుని తింటుంటే చూస్తూ కూర్చుంది. ఎన్నాళ్ళ ఆకలో పాపం. ఆ తిండి చూశాక ఎర్రమ్మ తన కంచం పక్కకి నెట్టి లేచింది.

ఎందుకంటే వెనక వీధిలో వరహాలమ్మ కూతురు సంజన పురిటికొచ్చి, కని పన్నెండు రోజులైంది. ఆ పిల్లా ఎర్రమ్మ పెట్టించిన పథ్యంలోనే ఉంది. వెళ్ళి చెబితే నలభై ఏళ్ళ మాట ఒక్క పూటలో మట్టిలో కలుస్తుంది. చెప్పకపోతే ఆ పిల్ల కూడా ఏ గుమ్మంలోనో కూలుతుంది. త్రినాథ్ తల్లి మనసు కనిపెట్టి, నువ్వెళ్ళడమెందుకు, నేను ఫోన్ చేసి చెప్పేస్తాలే అన్నాడు.

“మాన్పించింది నాను. నానే ఎల్లాల” అని, మిగిలిన కూరలూ నాలుగు జాంపళ్ళూ గిన్నెలో సర్దుకుని ఎర్రమ్మ బయల్దేరింది.

వరహాలమ్మ పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు వొలిచే మనిషి. కూతురి కోసం సెలవు పెట్టి ఇంట్లో ఉంది. ఎర్రమ్మ ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, లావణ్య పడిపోవడం దగ్గర్నుంచి డాక్టరమ్మ మాటల దాకా ఏదీ దాచకుండా చెప్పింది. తను పెట్టిన పథ్యం తప్పని నోరారా ఒప్పుకుంది. వరహాలమ్మ గదిలో పడుకున్న కూతురి వంక చూసింది.

“పెద్దమ్మా, సంజన పుట్టినపుడు నాకూ ఇదే పథ్యం కదా?” అంది.

“ఇదే.”

“నాకు పాలు పడనేదు.”

ఎర్రమ్మకి తెలుసు. ఊరందరికీ తెలుసు. ఇరవై నాలుగేళ్ళ కిందట రెండో వారానికే వరహాలమ్మకి పాలు ఎండిపోయాయి. సంజన మేకపాలతో పెరిగింది. అప్పట్నుంచి వరహాలమ్మ అత్తగారు పెళ్ళికీ పేరంటానికీ, పిల్లకి జ్వరమొచ్చినప్పుడల్లా, కడుపున పుట్టినదానికి పాలివ్వలేని తల్లి అని ఎత్తిపొడుస్తూనే ఉంది. ఆ మాటలన్నీ వరహాలమ్మ పడింది. పడీ పడీ అది నిజమే కాబోలని తనూ నమ్మేసింది. ఆ ఎత్తిపొడుపులు విని ఎర్రమ్మ కూడా ఎన్నోసార్లు తలూపింది, అయ్యో!

ఎర్రమ్మ లేచింది. ఆ అత్తగారు బయట అరుగు మీదే ఉంది. డెబ్బై అయిదు దాటాయి, చెవులు వినపడవు. ఆమెకి వినపడాలంటే వీధంతా వినేలా అరవాలి. ఎర్రమ్మ ఆ సంగతి ఆలోచించి ఆగలేదు. దగ్గరికెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

“వదినా, వరాలుకి పాలు పడకపోడం దాని పాపం కాదు. కూర ముట్టనీకండా, నీల్లియ్యకండా నాను మాడ్సినాను. తప్పు నాది. ఇంకమీదట అనాలనుంటే నన్నను.”

నూతి దగ్గర నీళ్ళు తోడుతున్నవాళ్ళు చేద వదిలేసి చూశారు. నలుగురు గుమ్మాల్లోకొచ్చారు. ఎర్రమ్మ ఎవరి వంకా చూడలేదు, ముసలామె మొహం మీంచి కళ్ళు తిప్పలేదు. ముసలామె ఇంటి లోపలి వైపు తిరిగింది.

“వరాలూ, ఆ కూరలు గుంటకి ఎట్టు. నువ్వూ తినమ్మా” అంది.

వరహాలమ్మ కూతురికి కంచం నిండా పెట్టింది. తనకోసం ఒక ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకోబోయి, పొయ్యి పక్కన చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎర్రమ్మ ఓదార్చలేదు. ఓదార్చే హక్కు తనకి లేదనుకుంది. పక్కనే కూర్చుని, ఆ ఏడుపు అయ్యేదాకా అక్కణ్ణుంచి లేవలేదు.