దొంగిలించిన తెల్లపొడి

మా కొండవాలు మీద ఏ ఆడమనిషి కడుపుతో ఉన్నా శనివారం పొద్దున్నే ఆ గుమ్మంలోకి ఒక బుట్ట వచ్చేది. పెద్ద పెండలం ముక్క, రెండు చేమదుంపలు, నాలుగు గుడ్లు, పైన గుప్పెడు ఉల్లికాడలు. బుట్ట మోసుకొచ్చేది సిదోనీ. మా మార్టినిక్ దీవిలో పెద్దావిణ్ణి పేరుకు ముందు ‘మాన్’ చేర్చి పిలవడం మర్యాద. అందరికీ ఆమె మాన్ సిదోనీ. “దుకాణం బియ్యం కడుపు నింపుద్ది, నెత్తురు పట్టించేది మటుకు నేల తిండే” అనేది. కాదన్నవాళ్ళు లేరు.

ఆమెకిప్పుడు డెబ్బై రెండేళ్ళు. అందులో ముప్ఫై ఎనిమిది దొర అరటితోటలో గడిచాయి. ఆ తోటకి పైన, వాలు మీద, అరెకరం పెరడు ఆమెది. మొగుడు పోయాక ఒంటిచేత్తో సాగుచేసుకుంది. ఆ పెరడంటే మా అందరికీ ఒక నమ్మకం ఉండేది. ఎందుకంటే కింది నేలలన్నీ చెడిపోయాయి. అరటి దుంపని తొలిచే ముక్కుపురుగు కోసం తోటల్లో ఇరవై ఏళ్ళు తెల్లపొడి చల్లించారు. క్లోర్‌డెకోన్ దాని పేరు. ఫ్రాన్సులో నిషేధించాక కూడా మా దీవుల్లో ఇంకో మూడేళ్ళు, 1993 దాకా, అనుమతిచ్చి మరీ వాడించారు. అక్కడి నేలకి చెడ్డదైన పొడి ఇక్కడి నేలకి ఎలా పనికొచ్చిందో ఇంతవరకు మాకు ఎవరూ సరిగా చెప్పలేదు. ఇప్పుడు వాగుల్లో రొయ్యలు పట్టొద్దంటారు. చాలా పెరళ్ళలో దుంపలు వెయ్యొద్దంటారు. సిదోనీ నేల మీద మటుకు దొర అరటి ఎప్పుడూ లేదు. పైగా తోట కిందుంది, పెరడు పైనుంది. విషం కొండెక్కదు కదా అనుకున్నాం.

కందికాయలు ఒలిచే రోజుల్లో, అంటే క్రిస్మస్‌కి మూడు వారాల ముందు, గ్రాసియెన్ ఆమె అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. తోటలో ఆమె జట్టువాడు. ప్రోస్టేట్ గ్రంథిలో కేన్సరని ఆపరేషన్ చేయించుకుని అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చాడు.

“ఎట్టా ఉందిరా ఒళ్ళు?”

“రాత్రి గంటకోసారి ఒంటేలుకి లేపుతోంది. మా ఆవిడ కంటే నయం, లేపి తిట్టదు.”

“వినబడిందంటే ఆవిడ అరగంటకోసారి లేపుద్ది. కాయలు ఒలువు, ఊరికే కూచోకు.”

ఒలుస్తూ చెప్పుకొచ్చాడు. “డాక్టరమ్మ అడిగింది, తోటలో ఏం పనయ్యా నీది అని. తెల్లపొడి చల్లేవాణ్ణమ్మా అన్నా. చేతికి తొడుగులు వేసుకున్నావా అంది. తొడుగులా, మజ్జాన్నం ఆ చేత్తోనే ఉప్పుచేప తిన్నానమ్మా అన్నా. కలం కింద పెట్టేసి నా మొహం చూసింది.”

“ఎప్పటి మాట. ఇన్ని వానలకి అది ఉంటదా?”

“నేనూ అదే అన్నాగా. వానకి పోదంట, సిదోనీ. వందల ఏళ్ళు మట్టిని పట్టుకుని ఉంటదంట. దుంపలోకి ఎక్కుద్దంట. కోడి ఆ నేల గీరితే గుడ్డులోకి వస్తదంట. బస్తాలే అక్కర్లేదు, గుప్పెడు చాలంట. నీకేంలే, నీది కన్నెనేల.”

సిదోనీ చేతిలో కందికాయ సగం చీలి ఆగిపోయింది. గ్రాసియెన్ చూడలేదు. తన ఆపరేషన్ కథలో పడిపోయాడు.

ఆమె పెరడు కన్నెనేల కాదు. ఆ సంగతి ఒక్క ఆమెకే తెలుసు.

1980 తుఫానుకి కొండ మీద అరటన్నది నిలబడలేదు. దొర తోట మళ్ళీ లేచింది, సిదోనీ పైగట్టున వేసుకున్న పాతిక కూర అరటి లేవలేదు. పిలకల్లో పురుగు చేరింది. ఆ అరటే ఆ ఇంటి తిండి. తోటలో ఆడవాళ్ళంతా వరసలో నడుస్తూ సార్డీన్ చేపల డబ్బాతో పొడి కొలిచి చెట్టు మొదట్లో పోసేవాళ్ళు. రోజంతా దొర చెట్లకి మందు పోసి సాయంత్రం ఇంటికొచ్చి చచ్చిపోతున్న తన చెట్లని చూసుకునేది. ఒకరోజు అన్నం గిన్నె ఖాళీ చేసి, మేస్త్రీ అటు తిరగ్గానే గిన్నెనిండా పొడి ముంచి, మూతపెట్టి, తలగుడ్డ చుట్టి ఇంటికి తెచ్చింది. అలా ఏడుసార్లు. గిన్నె కడుక్కుని మర్నాడు అందులోనే అన్నం పట్టుకెళ్ళింది. జన్మలో ఆమె చేసిన దొంగతనం అదొక్కటే. దొర సొమ్ము తన పిల్లల తిండికి తెచ్చుకున్నానని లోలోపల గర్వపడింది కూడా.

చెట్లు పచ్చగా తిరిగాయి. ఇరుగుపొరుగు రహస్యం అడిగితే, “పెరిగే చంద్రుణ్ణి చూసి నాటాను” అంది. ఆ మాట పట్టుకుని కొండ మీద సగం మంది ఇప్పటికీ చంద్రుణ్ణి చూసే నాటుతున్నారు.

గ్రాసియెన్ వెళ్ళిపోయాక ఆమెకి గుర్తొచ్చింది లుద్మిలా. సిదోనీ చెల్లెలి మనవరాలు, బడి వంటశాలలో పని. రెండిళ్ళవతలే ఉంటుంది. మూడేళ్ళ కిందట లుద్మిలాకి ఏడో నెలలో కాన్పయింది. ఆ బిడ్డ రెండు రోజులు బతికింది. ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల. మొదటి కాన్పప్పుడు ఏ శనివారమూ బుట్ట తప్పలేదు.

ఆ శనివారం బుట్టలో సీమపనస కాయలు, టమాటాలు మాత్రమే వెళ్ళాయి.

“పెండలం ఏదే ముసలీ?” అంది లుద్మిలా బుట్ట తిరగేసి. “పిసినారివైపోయావేంటి?”

“ఇంకా ఊరలేదు.”

“గుడ్లు కూడా ఊరలేదా?”

“కోళ్ళు పెట్టట్లేదమ్మడూ. తిను, సీమపనసకేం తక్కువ.”

సోమవారం తెల్లారి సిదోనీ నేల పరీక్ష చేసేవాళ్ళకి ఫోన్ చేసింది. ప్రభుత్వం ఉచితంగానే చేస్తుంది. ఎన్నోసార్లు వాళ్ళు అడిగితే “నా నేలకేం రోగం” అని తిప్పి పంపింది తనే. వచ్చినావిడ పేరు బెల్‌రోజ్. కాగితం తీసి వరసగా అడిగింది.

“ఈ నేలలో ఎప్పుడైనా అరటితోట ఉండేదా, మాన్ సిదోనీ?”

“లేదు.”

“ఎవరైనా పొడి వాడారా?”

“లేదు.”

బెల్‌రోజ్ రాసుకుంది. పెండలం బోదెల దగ్గర, ఇంటి పక్కన, కోళ్ళ గూటి దగ్గర మట్టి తీసి సంచుల్లో కట్టింది. మెట్లు దిగి కారు తలుపు తీసేదాకా సిదోనీ అరుగు మీదే నిలబడింది. అప్పుడు పిలిచింది.

“అమ్మా, పైగట్టున కూడా తియ్యి.”

“అక్కడేముంది?”

“తియ్యమంటున్నాగా.”

బెల్‌రోజ్ ఇంకేం అడగలేదు. గట్టెక్కి తీసింది. ఆమెకి ఇలాంటి పెద్దవాళ్ళు కొత్త కాదు కాబోలు.

జవాబు జనవరిలో వచ్చింది. పైగట్టు మట్టిలో పరిమితికి ఎన్నో రెట్లు. నలభై ఏళ్ళ వానలకి మట్టి జారి బోదెల్లోకి, కోళ్ళ గూటిదాకా దిగింది. చెట్టు కాయలు, చిక్కుళ్ళు, కందులు, టమాటాలు పండించుకోవచ్చు. దుంపలు, కోళ్ళు మానుకోవాలి. ఆ కాగితం వచ్చింది గురువారం. శనివారం ఆమె పెరట్లో చేసాయం ఉంది.

చేసాయం అంటే మా దగ్గర కూలి లేని పని. ఒకరి పెండలం తవ్వడానికి పదిళ్ళవాళ్ళు తమ పారలతో వస్తారు. డోలు మోగుతుంటే ఆ వరసకి తవ్వుతారు. ఇంటివాళ్ళు మధ్యాహ్నం భోజనం పెడతారు. తవ్విందాంట్లో అందరికీ వాటా, అన్నిటికన్నా పెద్ద దుంప కడుపుతో ఉన్న మనిషికి. ఒకసారి పిలిచిన చేసాయం చావు జరిగితే తప్ప మానరు. సిదోనీ రెండు రోజులు ఆలోచించింది. దుంప కుళ్ళిందని చెప్పొచ్చు. ఒంట్లో బాగాలేదని చెప్పొచ్చు. అప్పుడు పైయేడు ఏం చెప్పాలి? చాటుగా తవ్వి పారేస్తే, ఇన్నేళ్ళూ తిన్నవాళ్ళు ఒళ్ళు చూపించుకోవాలని ఎవరికి తెలుస్తుంది?

శనివారం పద్నాలుగు మంది వచ్చారు. డోలు రెండు దెబ్బలు వేసేసరికి సిదోనీ వెళ్ళి బోదెల ముందు నిలబడింది.

“తవ్వొద్దు.”

“ఏం, చంద్రుడు ఒప్పుకోలేదా?” అన్నాడు గ్రాసియెన్. అందరూ నవ్వారు.

“చంద్రుడి మాట అబద్ధం. నా అరటికి చంద్రుడు చేసిందేం లేదు. తోటలో తెల్లపొడి దొంగిలించి తెచ్చి పోశాను. అన్నం గిన్నెతో, ఏడుసార్లు. ఇదిగో కాగితం. ఈ దుంపల్లో ఉంది. గుడ్లలోనూ ఉంటది.”

డోలు వాయించేవాడు చెయ్యి డోలు మీదే ఉంచేశాడు. వెనక నుంచి ఒకామె అంది, “నా ఇద్దరు పిల్లలకీ నీ బుట్టేగా తిన్నాను, మాన్ సిదోనీ.”

“తిన్నావు.”

“మరి ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నావే?”

“వానకి పోయిందనుకున్నాను. కొన్నాళ్ళకి పోసిన సంగతే మర్చిపోయాను. మర్చిపోవాలనే మర్చిపోయాను.”

లుద్మిలా ముందుకొచ్చింది. చేతిలో పార ఉంది. “నేను మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు?”

“ప్రతి శనివారం పెట్టాను.”

“దానివల్లేనా?”

“తెలీదే అమ్మడూ. నిన్న ఆసుపత్రికెళ్ళి డాక్టరమ్మనడిగా. దానివల్లేనని చెప్పలేను, కాదనీ చెప్పలేను అంది.”

“కాదని చెప్పొచ్చుగా. నా మొహం చూసి కాదని ఒక్క మాట చెప్పలేకపోయావా?”

“చెబితే ఇవాళ తింటావు.”

లుద్మిలా పార భుజానికెత్తుకుని గేటు దాటి వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు. ఆమె వెనకాలే ఇంకో ముగ్గురు వెళ్ళారు. మిగిలినవాళ్ళు ఏం చెయ్యాలో తెలీక నిలబడ్డారు.

“దొంగతనం చేస్తే చేశావు,” అన్నాడు గ్రాసియెన్ చివరికి, “కాస్త మంచి సరుకు చూసుకోవాల్సింది. దొర ఇంట్లో రమ్ము లేదా?”

ఒక్కరే నవ్వారు. ఆ నవ్వు విన్నాక సిదోనీ మెట్టు మీద కూర్చుంది. వండిన ఉప్పుచేప, ఉడికించిన సీమపనస ఉన్నాయి. కొందరు తిన్నారు. తినకుండా వెళ్ళినవాళ్ళ పళ్ళేలు ఆమె అలాగే కడిగి బోర్లించింది.

ఆ తర్వాత మూడు వారాలు ఆమెతో మాట్లాడినవాళ్ళు తక్కువ. కోళ్ళని కోసి పాతిపెట్టింది. శనివారాలు ఏమీ తోచక ఊరికే గుమ్మంలో కూర్చునేది. అప్పుడొచ్చాడు గ్రాసియెన్, తోటకూలీల సంఘం తరఫున. సంఘం వేసిన కేసులో పొడి అమ్మినవాళ్ళు కోర్టులో ఒక మాట అంటున్నారట: బస్తాల మీద విషమని రాసే ఉంది, కూలీలు తెలిసే పనిచేశారు అని. సంఘానికి సాక్ష్యాలు కావాలి.

సాక్ష్యం రాసుకునే వకీలమ్మ మంచిదే. సిదోనీ చెప్పిందంతా విని, “దొంగతనం సంగతి వదిలేద్దాం, మాన్ సిదోనీ. మీ మాటకి విలువ తగ్గుతుంది” అంది.

“అదే రాయి.”

“వాళ్ళు మిమ్మల్ని దొంగ అంటారు.”

“అననీ. విషమని తెలిసినదాన్నైతే తెచ్చి నా పిల్లల తిండి మొదట్లో పోసుకుంటానా? అన్నం గిన్నెలో పెట్టుకుంటానా? వాళ్ళు మాకు చెప్పారో లేదో ఇంతకంటే ఎట్టా చెప్పను నీకు?”

వకీలమ్మ కొత్త కాగితం తీసి మొదటినుంచి రాసింది. ఆ మాట కొండ దిగి ఊళ్ళోకి వెళ్ళింది. తర్వాత ఇంకో ఐదుగురు వచ్చి, మేమూ తెచ్చుకున్నాం అని చెప్పారు. ఒకాయన పొడిని పేలు పోవాలని కుక్కకి పులిమాడట. ఇంకొకామె ఆ బస్తాలు ఉతికి పిల్లలకి పక్కబట్టలు కుట్టింది. ఈ మనుషులు తెలిసి పనిచేశారని కోర్టులో నిలబడి చెప్పడానికి ఎంత చదువు చదివి ఉండాలో.

మార్చిలో ఒక మధ్యాహ్నం లుద్మిలా వచ్చింది. పొట్ట బాగా కనిపిస్తోంది. అరుగు మీద కూర్చోకుండా నిలబడే చెప్పింది.

“నెత్తురు పరీక్ష చేయించుకున్నా. ఉంది నాలో.”

సిదోనీ తల వంచుకుంది.

“ఇంక తినకుండా ఉంటే నెలనెలకీ కొంచెం కొంచెంగా ఒళ్ళే బయటికి తోసేస్తదంట. వచ్చే గురువారం మళ్ళీ తీస్తారు. నువ్వూ వచ్చి తీయించుకో.”

“నాకెందుకే, డెబ్బై రెండేళ్ళదానికి.”

“నీ కోసం కాదు. సూదంటే నాకు భయం. ఒక్కదాన్నే వెళ్ళను.”

“వస్తాలే.”

“క్షమించాననుకోకు.”

“అనుకోలేదు.”

లుద్మిలా అప్పుడు కూర్చుంది. “ఆకలేస్తోంది” అంది లుద్మిలా.

సిదోనీ లేచి బొగ్గుల మీద కాల్చిన సీమపనస దించింది. నల్లటి తొక్క తీసి, వేడి ముక్క మీద ఉప్పు, నిమ్మరసం వేసి ఇచ్చింది. లుద్మిలా పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ముట్టుకోలేదు.

“ఇది చెట్టుదేగా?”

“చెట్టుదే. కాగితంలో ఉంది, చూసుకో.”

సిదోనీ లోపలికి వెళ్ళి పరీక్ష కాగితం తెచ్చిచ్చింది. లుద్మిలా దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది, వెనక్కి తిప్పి మళ్ళీ చదివింది. సిదోనీ ఎదురుగా నిలబడి ఉంది. అప్పుడు లుద్మిలా కాగితం మడిచి పక్కన పెట్టి, ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది.