పెళ్లికారుకు రాగిముద్ద

1948 మే 14, శుక్రవారం. కుప్పం, మేనత్త ఇల్లు. ఉన్నవారు: నాన్న, మేనత్త, తెల్లవారితే పెళ్లికూతురు కాబోయే మా అక్క, నేను. డాక్టరమ్మ మిషన్ బంగళాలో దిగారు.

ఆనాటి డైరీలో రాసుకున్నది ఇంతే. మరునాడు కారుకు పూసిన తేనెమైనం, టర్పెంటైనుల వాసనను మాత్రం రాసుకోవలసిన పని లేకపోయింది. అది ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు.

నాన్న మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి కారు డ్రైవరు. ఆసుపత్రి లైను ఇళ్లలో పుట్టి పెరిగినా అక్క ఆ నల్లకారు ఎన్నడూ ఎక్కలేదు. పనివాళ్ల పెళ్లిళ్లకు దాన్ని ఇచ్చే ఆనవాయితీ లేదు. అక్కను చర్చికి తీసుకుపోవడానికి మాత్రం డాక్టరమ్మ ఒప్పుకున్నారు. "ఒక గీత గూడా పడనియ్యనమ్మా" అని నాన్న మాటిచ్చాడు. గీత పడితే మళ్లీ ఆ తాళం పుచ్చుకునే ముఖం తనకు ఉండదని ఆయన లెక్క.

మేము బస్సులో ముందే వచ్చాం. నాన్న శుక్రవారం మధ్యాహ్నం పుంగనూరు, పలమనేరు మీదుగా డాక్టరమ్మను తీసుకొచ్చి, బంగళాలో దించి, కారుతో మేనత్త ఇంటికి వచ్చాడు. కారు నిండా ఎర్రదుమ్ము. పుంగనూరు దాటాక కొత్తగా తారు పోసిన చోట చక్రాల మీది రేకులంతా నల్లచుక్కలు పడ్డాయి.

కారు కడగడంలో నాన్నకు ఒక వరుస ఉండేది. ముందు పైనుంచి కిందికి నీళ్లు పోయాలి. తారుచుక్కలను కిరసనాయిలు తడిపిన దూదితో తీయాలి. అప్పుడు చేతికి పలుచని మల్లుగుడ్డ చుట్టుకుని రంగు మీద మెల్లగా రాసి చూడాలి. కంటికి శుభ్రంగా కనిపించినా గుడ్డ కింద వేళ్లకు గరుకు తగులుతుంది. ఆ గరుకు పోకుండా మైనం పూయడమంటే మురికికి దుప్పటి కప్పడమేనని ఆయన అనేవాడు. యుద్ధానికి ముందు దానికి బెంగుళూరు నుంచి ఏదో డబ్బా వచ్చేదట. అది ఆగిపోయాక నాన్న రాగిపిండి పట్టుకున్నాడు. మెత్తగా జల్లించిన పిండిని నీళ్లతో, కాస్త చెనిక్కాయ నూనెతో ముద్ద చేసి, తడి రంగు మీద దొర్లించేవాడు. కనిపించని ఇసుకంతా ముద్దకు అంటుకునేది. అప్పుడు ముద్దను మడిచి, శుభ్రమైన వైపు తిప్పి మళ్లీ దొర్లించేవాడు.

ఆ సాయంత్రం ముద్ద కలిపి ఇచ్చింది మేనత్త. నాన్న బానెట్టంతా దొర్లించి, నీళ్లు పోసి, తుడిచాడు. ఏటవాలు ఎండలో చూస్తే నల్లరంగు మీద కోళ్లు గీరినట్టు గీతలు.

నాన్న చేతిలోని ముద్దను వేళ్లతో నలిపి చూశాడు. "అక్కా, ఈ పిండి యాడిది?"

"యాడిదేంది, మన విసుర్రాయిదే. పెండ్లి పిండికని రాయికి కక్కు కొట్టిస్తిమి కదా, దాని తొలి వాయి."

ఉలితో కొత్తగా గంట్లు కొట్టించిన రాయి మొదట విసిరే పిండిలో రాతిపొడి దిగుతుంది. దాన్ని ఎవరూ తినరు.

"తొలి వాయి నాకు యాల ఇచ్చినావక్కా?"

"నోట్లో పెడితే కరకరమంటాది, పారేసేదానికి మనసు రాలేదు. కారుకేమన్నా పండ్లుండాయా నమిలేదానికి?"

"పండ్లు లేవు. తోలుండాది కదా!"

మేనత్త దగ్గరికొచ్చి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఆమే ఉపాయం చెప్పింది. "కనకాంబరాల దండలు కప్పేస్తాం. పెండ్లికారు, ఎవురికీ అనుమానం రాదు."

"పూలు వాడినాక?"

సీమసుద్దను వస్త్రగాలితం పట్టి, కొబ్బరినూనెలో కలిపి నాన్న చీకటి పడేదాకా రుద్దాడు. సన్నగీతలు పోయాయి, లోతువి పోలేదు. మైనం డబ్బా మాత్రం మూత తీయలేదు.

"మైనం పూస్తే గీతలు ఆ మెరుపులో కలిసిపోతాయి. అమ్మగారు సూసినాకనే పూసేది. రేపటికి ఎద్దులబండి మాట్లాడతా."

వాకిట్లో కూర్చున్న అక్క ముఖం వాడిపోయింది. అయినా నాన్న తనవైపు చూసేసరికి, "బండే మేలులే నాయనా. ఎద్దులకు గీతలు పడినా తెలీదు" అంది. నాన్నకు నవ్వు వచ్చింది గానీ నిలవలేదు.

మరునాడు పొద్దున్నే ఆయన మైనం పూయని కారులో మైనం డబ్బా పెట్టుకుని బంగళాకు పోయాడు. మేము అక్కకు తెల్లచీర కట్టాం. బండి వచ్చి వాకిట నిలిచింది. చర్చి గంట కొట్టారు.

"ఎక్కమ్మీ, పొద్దు పోతాండాది" అని మేనత్త తొందరపెట్టింది. అక్క గడపమీద నుంచి కదల్లేదు.

అప్పుడు వీధి చివర హారను వినిపించింది. కారు నల్లగా మెరుస్తూ వచ్చింది. వెనక సీట్లో డాక్టరమ్మ ఉన్నారు. పెళ్లికని వేసుకున్న మంచి గౌను చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి, వేళ్లకు మైనం. ఆవిడ దిగి, సముద్రం దాటి వచ్చి నేర్చుకున్న పుస్తకాల తెలుగులో మేనత్తను అడిగారు: "అమ్మా, ఆ పిండి ఇంకనూ మిగిలియున్నదా? అతిథులకు వడ్డింపవలదు. నేడు నేను పండ్లు పెరుకుటకు రాలేదు."

మేనత్త సిగ్గుతో ఇంట్లోకి పరుగెత్తబోయి ఆగి, తానూ నవ్వేసింది.

నాన్న తలుపు తీసి పట్టుకున్నాడు. అక్క ఎక్కేముందు బానెట్టు మీద ఒక గీత వెంట వేలు పోనిచ్చింది. మైనం కింద అది నున్నగా ఉందని తర్వాత నాతో చెప్పింది. నేను అక్క పక్కన కూర్చున్నాను. కారులో ఇంకా చోటుంది గానీ, మాట్లాడిన బండిని ఊరికే పంపడానికి మేనత్తకు మనసొప్పలేదు. ఒక్కతే బండెక్కి, మేము రేపిన దుమ్ములో వెనకే వచ్చింది. చర్చి ముందు దిగేసరికి ఆమె తలంతా ఎర్రబడింది. కొంగుతో దులుపుకోబోతుంటే నాన్న ఆమె చెయ్యి పట్టుకుని కారుకు దూరంగా తీసుకుపోయాడు.

"ఈడ దులుపుకో అక్కా, ఈడ."