గుమ్మంలో నిలబెట్టి అడిగితే

అమెరికాలో, మేముండే నోవై ఊళ్లో ఒక చలికాలమంతా నన్ను రోజూ ఆఫీసుకు తీసుకెళ్లినాయన చెక్ దేశం మనిషి. అంతకు ముందు ఏడు నా కారు మంచు మీద జారి రోడ్డు పక్క గోతిలో దిగబడింది. మంచు పడితే స్టీరింగ్ ముట్టుకోనని ఆ రోజే ఒట్టేసుకున్నాను. ఆయనది మా వెనక వీధే, మా టీమే. పొద్దున్నే వచ్చి ఒక్కసారి హారన్ కొట్టేవాడు.

ఆయనంత అనుమానం మనిషిని నేను చూడలేదు. నన్ను నేను లెక్కేసుకోకపోతే. కారు రేడియోలో "ప్రజల్లో ఎక్కువమంది ఇలా అనుకుంటున్నారు" అని వినబడితే చాలు, "అడిగినప్పుడు పక్కన ఎవరున్నారో అది చెప్పమనండి ముందు" అని రేడియో కట్టేసేవాడు.

దానికో కథ ఉంది. కాలేజీ రోజుల్లో ఆయన వాళ్ల ఊళ్లో ఇంటింటికీ తిరిగి జనం అభిప్రాయాలు రాసుకునే పని చేశాడట. పెళ్లి లేకుండా కలిసి ఉంటే తప్పా? దేవుణ్ని నమ్ముతారా? పక్కింట్లో ఎలాంటివాళ్లు దిగితే మీకు ఇబ్బంది? చెక్కులూ స్లొవాక్‌లూ ఒకే దేశంగా ఉండాలా, విడిపోవాలా? ఇవీ ప్రశ్నలు. వాళ్లు కూడా మనలాగే చెప్పులు విప్పి ఇంట్లోకి వెళ్తారట, చుట్టాలొస్తే ఇంట్లో వేసుకునే చెప్పులిస్తారట. "గుమ్మంలో నిలబెట్టి చెబితే ఒక జవాబు. చెప్పులిచ్చి లోపలికి పిలిస్తే ఇంకో జవాబు. మొగుడు లేచి అవతలికెళితే మూడోది. నేను మొదటిదే రాసుకునేవాణ్ని, ఎందుకంటే చలి," అనేవాడు.

అది తెలంగాణ బిల్లు పార్లమెంటులో ఉన్న చలికాలం. నాది వరంగల్. మా ఆయనది గుంటూరు. ఎమ్మెస్ చదివేటప్పుడు ఒకే ల్యాబ్‌లో పనిచేసి, ఇష్టపడి చేసుకున్నాం. మాకొక పాప. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఆంధ్రా తెలంగాణ గొడవంటే పచ్చిపులుసా, పప్పుచారా అన్నంత వరకే. అలాంటిది ఆ చలికాలం నేను హాల్లోకొస్తే మా ఆయన టీవీ ఛానెల్ మార్చేసేవాడు. శనివారం పొద్దున వాళ్ల అన్నయ్య ఫోన్ చేస్తే జాకెట్ వేసుకుని గ్యారేజ్‌లోకి వెళ్లిపోయేవాడు. బయట ఉమ్మేస్తే గడ్డ కట్టే చలి. ఆ చలిలో నిలబడి మాట్లాడే మాటలు ఏమై ఉంటాయి?

అడిగాను. "ఇంత చలిల గ్యారేజ్ల ఏం ముచ్చట? లోపటికొచ్చి మాట్లాడరాదు?"

"ఏం లేదే. లోపల సిగ్నల్ సరిగ్గా రావట్లేదు."

సిగ్నల్ మా వంటింట్లో నిండుగా ఉంటుంది. అనుమానం పెనుభూతం అంటారు కదా, నాకది కాఫీ కలుపుతున్నా కనబడేది, బట్టలు మడతపెడుతున్నా కనబడేది. రాష్ట్రం ఒకటిగా ఉంటుందా, రెండవుతుందా అని కాదు నా భయం. అది ఢిల్లీలో తేలుతుంది. నా ఇంట్లో, నా మొగుడు, నన్ను అవతలి మనిషిని చేసి మాట్లాడుతున్నాడా? నాకు తెలియాల్సింది అదొక్కటే.

సోమవారం కార్లో ఆ చెక్ ఆయనకు చెప్పేశాను. ఆయన భార్య స్లొవాక్. ఇప్పటికీ ఇంట్లో ఆవిడ భాషలో ఆవిడ, ఈయన భాషలో ఈయన మాట్లాడుకుంటారు. ఆయన వైపర్ల వేగం పెంచి చెప్పాడు.

"పెళ్లికి ముందు మా అమ్మను కూడా అడిగాను, సర్వేలో అడిగినట్టే. స్లొవాక్ కోడలైతే నీకేమైనా ఇబ్బందా అని. అస్సలు లేదంది. దేశం రెండైన చలికాలం ఫోన్ చేసి, ఇక ఆ పిల్లను తన దేశానికి పొమ్మను అంది. నేను ఫోన్ వైరు లాక్కుంటూ మెట్ల మీదకు వెళ్లాను."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు," అన్నాడు.

తర్వాతి శనివారం మా ఆయన గ్యారేజ్‌లోకి వెళ్లగానే నేను తలుపు ఓరగా తీసి వెనక నిలబడ్డాను. సిగ్గు పడలేదు. నా ఇంటి తలుపే. చేతులకు గ్లవ్స్ ఉన్నాయి కాబట్టి ఫోన్ స్పీకర్‌లో పెట్టి కారు బానెట్ మీద ఉంచాడు. బావగారి గొంతు గ్యారేజంతా మోగుతోంది.

"నేను ముందే చెప్పాను కదరా, వాళ్లు మనవాళ్లు కారని. రేపు పిల్లను కూడా వాళ్ల వైపే తిప్పుకుంటుంది, చూస్తూ ఉండు."

"ఊ," అన్నాడు మా ఆయన.

"మన మాట విన్నావా అప్పుడు?"

"ఊ."

ఆ మాటలకు కాదు, ఆ 'ఊ'లకు నా కడుపు మండిపోయింది. తిట్టినా బాగుండేది, నవ్వినా బాగుండేది. తలుపు తోసుకుని వెళ్లి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

"నమస్తే బావగారూ. ఏదో చెప్తున్నరు కదా, చెప్పుండ్రి. నేను కూడ వింట."

అవతల టీవీ చప్పుడు తగ్గింది.

"ఏమ్మా, బావున్నావా?" అన్నారు బావగారు. ఎంత ఆప్యాయంగా అన్నారో! "అక్కడ మంచు బాగా పడుతోందటగా. జాగ్రత్తమ్మా. పాపను చలిలో తిప్పకండి."

"అవును బావగారూ, బాగ పడుతుంది," అన్నాను. ఏం చేయను? మంచు గురించే మాట్లాడుకున్నాం. మా ఆయన పార తీసుకుని, మంచు లేని గ్యారేజ్ నేలను గీకుతూ నిలబడ్డాడు.

సోమవారం కార్లో ఆయన అడిగాడు, "మరి మీ ఆయన ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"మా ఆవిడ కూడా నా గురించి అదే అంటుంది. ఇన్నేళ్లయినా."

ఆ తర్వాత మా ఆయన గ్యారేజ్‌లోకి వెళ్లలేదు. శనివారం ఫోనొస్తే హాల్లో సోఫాలో కూర్చుని, స్పీకర్ పెట్టి, నాకు వినబడేలా మాట్లాడతాడు. బావగారు నన్ను పేరు పెట్టి అడుగుతారు. బిల్లు పాసైంది, రాష్ట్రం రెండవుతోంది, ఆ మాట ఇద్దరి నోటా ఒక్కసారి కూడా రాలేదు. ఏప్రిల్ చివరికల్లా మా వాకిట్లో గడ్డి పచ్చగా మొలిచింది, పాప చెప్పులు లేకుండా దాని మీద పరుగెత్తుతోంది.

బావగారు ఇంకా మంచు ఎలా ఉందనే అడుగుతున్నారు. మా ఆయన నా వైపు చూడకుండా, "బాగా పడుతోంది అన్నయ్యా," అంటున్నాడు.