నాయన కోసం గీసిన పేలుడు బొమ్మలు

నా చిన్నతనంలో రోజూ మధ్యాహ్నం అన్నం వేళకు రాయి పేలేది... ఎర్రగుంట్ల దగ్గర నాపరాతి గని. పనివాళ్లంతా గట్టు అవతలికి వెళ్లి కూర్చున్నాక మా నాయన రాతి బొక్కల్లో కూరిన పేలుడు మందుకు వత్తి ముట్టించి పరుగెత్తుకొచ్చేవాడు. నేను దూరంగా మా గుడిసె ముందు బండ మీద, చేతిలో బొగ్గుముక్కతో ఎదురుచూసేదాన్ని.

అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఊరేమో దూరం... ఆడుకోవడానికి నా ఈడు పిల్లలు లేరు. నాయన ఏళ్ల తరబడి ఆ మోతల మధ్యే పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. పక్కన కూర్చుని పిలిచినా పలికేవాడు కాదు. పగలంతా ఎండ, తెల్లటి దుమ్ము, సమ్మెట చప్పుడు... సాయంత్రం ఆయన వచ్చాక కూడా గుడిసెలో మాటలుండేవి కావు.

అందుకే బొమ్మలు గీసేదాన్ని. అక్కడ పేలుడు తప్ప గీయడానికి ఇంకేముంది? మొదట్లో బంతిపువ్వులా గుండ్రంగా గీసి, చుట్టూ మంటలు పెట్టేదాన్ని. ఒక సాయంత్రం నాయన కాళ్లు కడుక్కుని వస్తూ ఆ బొమ్మ చూసి ఆగాడు. నా పక్కన కూర్చుని, తడి బొటనవేలితో మంటలన్నీ తుడిచేశాడు.

"మంట యాడ కనపడ్తాది పాపా? మందు కాలితే గాలైతాది. ఆ గాలికి శానా చోటు కావాల. ఇరుకు బొక్కలో యాడుండాది చోటు? అందుకే రాయి యే పక్క పల్చగుంటే ఆ పక్కకు తోసుకోని వస్తాది."

ఆయన నాతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు...

మర్నాటి నుంచి నా చూపే మారిపోయింది. ముందు నేల పొంగినట్టు లేచేది. రాళ్లు ఎగిరేవి, వాటి వెనకే దుమ్ము. ఇంత జరిగాక గానీ మోత నా దాకా వచ్చేది కాదు. వెలుతురు కన్నా చప్పుడు నిదానమని బడి మొహం చూడకముందే తెలుసుకున్నాను. రాళ్లు పైకి పోయి వంపు తిరిగి పడేవి... దుమ్ము మాత్రం గాలి ఎటు వీస్తే అటు వాలేది. ఎండ పడే వైపు ఖాళీగా వదిలేసి, నీడ వైపు బొగ్గు రాసి లంగా అంచుతో రుద్దేదాన్ని. అప్పుడు బండ మీద దుమ్ము నిజంగానే పొంగుతున్నట్టుండేది.

సాయంత్రం నాయన వచ్చి, తప్పున్నచోట వేలు పెట్టేవాడు. మా ఇద్దరికీ అదే మాట్లాడుకోవడం.

ఒకరోజు మూడు బొక్కల్లో మందు కూరారు. పేలాక గట్టు అవతలివాళ్లు మూడు మోతలు విన్నామని లేచారు. నాయనకు వినపడదు కాబట్టి లెక్క వాళ్లదే. నేను మాత్రం రెండు చోట్లే దుమ్ము లేవడం చూశాను. కొండకు తగిలి తిరిగొచ్చిన శబ్దాన్ని వాళ్లు మూడోదనుకున్నారు...

అరిచాను. ఎవరూ పట్టించుకోలేదు. పరుగెత్తి నాయనకు అడ్డం నిలబడి, అక్కడే మట్టిలో వేలితో గీశాను. రెండు బొక్కల మీద దుమ్ము, మూడోదాని మీద ఏమీ లేదు. మేస్త్రీ మూడూ పేలాయని చేతులూపి చెబుతున్నాడు. నాయన బొమ్మను చూశాడు, నన్ను చూశాడు.

"ఎవురూ కదలద్దండి. పాప చూసిందంటే చూసినట్టే," అన్నాడు.

అందరూ ఆగారు. కాసేపటికి మూడో బొక్క పేలింది... వాళ్లు పని చేసే చోటంతా రాళ్లు పడ్డాయి.

ఆ సాయంత్రం అందరూ నన్ను ఎత్తుకుని ముద్దుచేశారు. నాయన ఒక్కడే నేను పరుగెత్తుకొచ్చిన దారి వైపు చూస్తూ కూర్చున్నాడు. పేలని మందు ఉన్న వైపుకు నేను పరుగెత్తి రావడమే ఆయన కళ్ల ముందు కదిలిందేమో... కొద్దిరోజులకే నన్ను కర్నూలులో మేనత్త ఇంటికి పంపేశాడు.

"ఈడ నీకొద్దు పాపా. బడికి పో," అన్నాడు బస్సు ఎక్కిస్తూ. అంతే.

అత్త మంచిదే. బడి నిండా పిల్లలే. పేలుడు గీసి చూపిస్తే మంటలేవని నవ్వారు. వాళ్లకెలా చెప్పాలో తెలియలేదు... మెల్లగా గీయడం మానేశాను.

నాయన ఎప్పుడైనా వచ్చేవాడు. ఇద్దరం అరుగు మీద పక్కపక్కనే కూర్చునేవాళ్లం. ఆయనకు వినపడదు... నాకు గీయడానికేమీ ఉండేది కాదు. ఆయన రోజూ చూసేది నేనిప్పుడు చూడటం లేదు కదా. పొద్దు వాలగానే తల నిమిరి బస్సుకు వెళ్లిపోయేవాడు.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు మా ఇంట్లో అందరికీ చెవులు బాగానే వినపడతాయి. కానీ ఒకరి పక్కన ఒకరం కూర్చుని, ఒకే దాన్ని చూడటమే లేకుండా పోయింది...

మాటలు లేకుండానే మీతో మాట్లాడినవాళ్లు మీకెవరైనా ఉన్నారా? ఉంటే రాయండి... పగలంతా ఒక్కదాన్నే ఉంటాను, అన్నీ చదువుతాను.