శనివారం సేవ, ఆదివారం సాక్ష్యం

ఇది రాసుకుంటానని అడిగితే నేను శనివారాలు వెళ్లే ఇంటి కోడలు, "రాసుకోండి టీచరమ్మగారూ, పేర్లు మాత్రం ఎయ్యకండి" అంది. అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు. నాదీ లేదు. ఒకప్పుడైతే నా పేరు లేకుండా నేనేదైనా రాసేదాన్నా!

రాజాంలో మా చర్చి వీధిలోనే ఒక పెద్దావిడ ఉంటుంది. మా వైపు అక్కను అప్ప అంటారు, నేనూ అప్పా అనే పిలుస్తాను. తుంటి విరిగి మంచాన పడింది. నేను బడిలో రిటైరయ్యాక ప్రతి శనివారం వెళ్లి ఆమె ఒళ్లు తుడిచి, తల దువ్వి, పక్కబట్టలు ఉతికి వచ్చేదాన్ని. ఇష్టంగానే చేశాను, అబద్ధమెందుకు. చేసింది చెప్పుకోవడం ఇంకా ఇష్టం. తంటా అంతా అక్కడే వచ్చింది.

మా చర్చిలో ఆదివారం సాక్ష్యాలు చెబుతారు. దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి మైకులో చెప్పొచ్చు. ఒక ఆదివారం నేను లేచాను. దేవుడికి స్తోత్రం అని మొదలుపెట్టి, రెండో మాటకే నా దగ్గరికి వచ్చేశాను. మన వీధిలోనే దిక్కులేని ఒక సహోదరి, ఆ గదిలో వాసన, ఆ తడిసిన బట్టలు, వాటిని నా ఈ చేతులతో... గొంతు కూడా వణికించాను. అందరూ స్తోత్రం, స్తోత్రం అన్నారు. ఆ రోజు ఇంటికెళ్లి అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

చర్చి మీది మైకు గొట్టం వీధివైపే తిరిగి ఉంటుందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

తర్వాతి శనివారం వెళ్లేసరికి అప్ప గోడవైపు తిరిగి పడుకుంది. తుడవబోతే నా చెయ్యి తోసేసింది.

"ఒద్దు. నా కంపు ఊరందరికీ సెప్పినావు గదా. అంతా యిన్నాను. దిక్కునేనిదాన్నా నేను? ఆరు రోజులు నా కోడలు ఎత్తుతాది, కడుగుతాది. నీది ఒక్కరోజు. దానికి మైకు ఎవులిచ్చినారు?"

గుమ్మంలో ఉన్న కోడలు నా చేతిలో బకెట్టు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ పిల్ల చర్చికి రావట్లేదని నలుగురిలో సణిగిందీ నేనే. ఈమెను వదిలి ఎలా వస్తుంది? ఛీ, ఎంత సిగ్గేసిందో.

"తప్పయిపోయింది అప్పా. రేపు మైకులోనే అందరి ముందూ ఒప్పుకుంటాను" అన్నాను.

"ఓలమ్మో, మళ్లీ మైకా! నీ ఏడుపు సూసి మళ్లీ నిన్నే మెచ్చుకుంటారు. నోరు మూసుకుని రేపు ఇక్కడ కూకో. నా కోడల్ని సర్చికి ఎల్లనీ."

ఆదివారం వెళ్లి కూర్చున్నాను. కోడలు మంచి చీర కట్టుకుని, బైబిలు పట్టుకుని, వెనక్కి చూసుకుంటూ వెళ్లింది. అప్ప మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంది. ఇక నన్ను ముట్టుకోనివ్వదేమోనని దిగులు పట్టుకుంది.

చర్చిలో పాటలు అయ్యాయి, పాస్టరుగారు వాక్యం చెప్పడం మొదలైంది. అప్ప మంచం మీద ఇబ్బందిగా కదిలింది. దుప్పటి బిగించి పట్టుకుంది. సంగతి నాకు అర్థమైంది. అయినా అడిగే మొహం నాకేది?

చాలాసేపటికి, గోడవైపే చూస్తూ, "ఒసే, పక్క తడిసిపోనాది. రా" అంది.

నా ప్రాణం లేచొచ్చింది. ముందు వీధి తలుపు దగ్గరగా వేసి, తర్వాత నీళ్లు తెచ్చాను.